‘లిటిల్ మిస్ కాట్’ వాళ్ల ఊరు

2023 జులైలో తానా మహాసభలు ఫిలడెల్ఫియాలో జరిగాయి. ఆ మూడు రోజులూ పెన్సిల్వేనియా కన్వెన్షన్ సెంటర్లో ఎటు చూసినా తెలుగే. ఆ సందట్లో తీరిక చేసుకుని లిబర్టీ బెల్ దాకా వెళ్లొచ్చినవాళ్లు, ఇండిపెండెన్స్ హాలు ముందు ఫొటో దిగినవాళ్లు చాలామందే ఉంటారు. నేను చెప్పబోయే చోటు కూడా అక్కడికి దగ్గరే. కన్వెన్షన్ సెంటర్ దగ్గర బయల్దేరి, సిటీ హాలును చుట్టుకుని, బ్రాడ్ స్ట్రీట్ పట్టుకుని దక్షిణంగా ఓ అరగంట నడిస్తే 738వ నంబరు భవనం వస్తుంది. దాని పేరు ఫిలడెల్ఫియా క్లెఫ్ క్లబ్. నల్లజాతి సంగీతకారులు తమకంటూ నిలబెట్టుకున్న ఇల్లు అది.

ఒకప్పుడు ఈ ఊళ్లో వాద్యకారుల యూనియన్లు రెండు ఉండేవి. తెల్లవాళ్లది 77వ లోకల్, అంటే శాఖ. అందులో చోటు లేని నల్లవాళ్లు 1935లో 274వ లోకల్ పెట్టుకున్నారు. డిజ్జీ గిలెస్పీ, జాన్ కోల్ట్రేన్ లాంటి జాజ్ దిగ్గజాలు అందులో సభ్యులు. దానికి అనుబంధంగా 1966లో క్లెఫ్ క్లబ్ పుట్టింది. తర్వాత కొన్నేళ్లకు యూనియన్ పోయింది, క్లబ్ మిగిలింది. 1995లో ఇప్పుడున్న భవనంలోకి వచ్చింది. పిల్లలకు అక్కడ జాజ్ నేర్పుతారు.

జాజ్ వినేవాళ్లకు ఫిలడెల్ఫియా అంటే ముందు గుర్తొచ్చేది స్వాతంత్ర్య ప్రకటన కాదు, ఆర్గాన్. ‘హాంకీ టాంక్’ బిల్ డాగెట్ పుట్టింది ఇక్కడ. షెర్లీ స్కాట్, ట్రూడీ పిట్స్, చార్లెస్ ఎర్లాండ్, జిమ్మీ మెక్‌గ్రిఫ్, అందరూ ఈ ఊరివాళ్లే. డెలావేర్ నది దాటితే కామ్డెన్, అక్కడ రిచర్డ్ ‘గ్రూవ్’ హోమ్స్. వాయవ్యంగా శివారుకు పోతే నారిస్‌టౌన్, అక్కడ అందరికంటే పెద్దపేరు జిమ్మీ స్మిత్. సిటీ హాలును నడిమధ్య పెట్టి ముప్పై కిలోమీటర్ల గీత గీస్తే, సోల్ జాజ్ ఆర్గాన్ చరిత్రలో సగం పేర్లు ఆ గీత లోపలే పుట్టాయి. ఒక వాద్యం ఒక ఊరిని ఇంతగా ఎందుకు పట్టుకుంది? నాకు దొరికిన జవాబు షెర్లీ స్కాట్ జీవితంలో ఉంది. అందుకే ఈ ఊరి కథ ఆవిడ చెయ్యి పట్టుకుని చెబుతాను.

ముందు ఆ ఆర్గాన్ పెట్టె సంగతి చెప్పాలి.

సిటీ హాలు పక్కనే వానమేకర్ భవనం ఉంది. ఒకప్పుడు అది ఊళ్లోకెల్లా పెద్ద దుకాణం. దాని నడిమధ్య హాల్లో 28,000కు పైగా గొట్టాలున్న పైపు ఆర్గాన్ ఉంది. 1904 సెయింట్ లూయీ ప్రపంచ ప్రదర్శన కోసం తయారైన దాన్ని దుకాణం యజమాని వానమేకర్ కొని, రైలు పెట్టెల్లో తెప్పించి, 1911లో మోగించాడు. చీరల దుకాణంలో సన్నాయి మేళం పెట్టించినట్టు, కొనుగోలుకు వచ్చినవాళ్లకు వినపడేలా అది రోజూ మోగేది. అలాంటి ఆర్గాన్ పెట్టుకోగలిగే చర్చి ఊరికి ఒకటో రెండో ఉంటాయి. మిగతావాళ్ల సంగతి?

ఆ ప్రశ్నకు జవాబు షికాగో నుంచి వచ్చింది. లారెన్స్ హామండ్ గడియారాలు తయారుచేసే ఇంజినీరు. వాయించడం రాదు. కరెంటు తరంగం వేగంతో సమానంగా తిరిగే మోటారు ఆయన దగ్గరుంది. 1935లో ఆ మోటారుకే ఒక వాద్యం కట్టాడు. లోపల ఇరుసుల మీద పళ్లున్న చిన్న చిన్న ఇనుప చక్రాలు తొంభై చిల్లర ఉంటాయి. ఒక్కొక్క చక్రం ఎదుట ఒక అయస్కాంతం, దానికి చుట్టిన తీగ. చక్రం తిరుగుతుంటే పళ్లు అయస్కాంతం ముందు నుంచి పోతుంటాయి, తీగలో కరెంటు అల పుడుతుంది. పళ్ల లెక్కను బట్టి, వేగాన్ని బట్టి స్వరం. గాలి లేదు, తిత్తి లేదు, గొట్టం లేదు. వాయించేవాడు ముందు ‘స్టార్ట్’ మీట కొన్ని సెకన్లు పట్టుకుని చక్రాలను వేగానికి తెచ్చి, తర్వాత ‘రన్’ మీట వేయాలి. పాతకాలపు లారీని రాజేసినట్టే.

పైపు ఆర్గాన్‌కు ఇది సరితూగుతుందని కంపెనీ ప్రకటనలిచ్చింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాని మీద కేసు నడిపింది. షికాగో విశ్వవిద్యాలయం చర్చిలో అసలు ఆర్గాన్‌నూ ఈ పెట్టెనూ మార్చి మార్చి వాయించి, శ్రోతలను ఏది ఏదో చెప్పమన్నారు. చెవి తిరిగిన నిపుణులు సైతం కొన్నిసార్లు పొరబడ్డారు. అయినా అలాంటి ప్రకటనలు చేయొద్దనే కమిషన్ తేల్చింది. ఆ వాదన గెలిచారా ఓడారా అన్నది చిన్న చర్చిలకు పట్టలేదు. వాళ్లకు కావలసింది తాము కొనగలిగే ఆర్గాన్. అది దొరికింది.

1954 చివర్లో వచ్చిన బీ-3 మోడల్ ఇక సంగీత చరిత్రలోనే నిలిచిపోయింది. ఒకదాని మీద ఒకటి రెండు వరసల మెట్లు, వరసకు 61. కింద కాళ్లకు 25 కర్ర పెడళ్లు. పైన లాగి తోసే ‘డ్రాబార్లు’, ఒక్కో జట్టులో తొమ్మిది. ఒక్కొక్కటి ఒక్కో అనుస్వరం గొంతు. ఎంత లాగితే అంత గట్టిగా పలుకుతుంది. వంటలో ఉప్పూ పులుపూ కారమూ ఎవరి చేతి కొలత వారిదైనట్టు, ఆర్గాన్ వాయించేవాళ్లు ఎవరి డ్రాబార్ల కొలత వాళ్లు పెట్టుకుంటారు. జిమ్మీ స్మిత్ మొదటి మూడూ పూర్తిగా లాగి మిగతా ఆరూ మూసేసేవాడు. ఆ మూడు డ్రాబార్ల మోతే తర్వాత జాజ్ ఆర్గాన్‌కు ముఖచిత్రమైంది. మెట్టు నొక్కగానే లోపలి మీటలు తగిలి ‘టిక్కు’మనే చిన్న చప్పుడు వస్తుంది. హామండ్‌కు అది లోపం, దాన్ని పోగొట్టాలని చూశాడు. జాజ్ వాళ్లకు ఆ టిక్కే తాళం. మృదంగం మీద వేలు తగిలిన మొదటి క్షణంలా అది స్వరానికి అంచు ఇస్తుంది.

ఇంకొక మనిషిని కూడా తలచుకోవాలి. కాలిఫోర్నియాలో డాన్ లెస్లీ అనే ఆయన 1941లో ఒక స్పీకర్ అమ్మడం మొదలుపెట్టాడు. అందులో కొమ్ము గిర్రున తిరుగుతుంది. శబ్దం దగ్గరికొస్తూ దూరమవుతూ ఉంటుంది కాబట్టి స్వరం వణుకుతుంది. వేగం పెంచితే గుండె దడలా, తగ్గిస్తే నీళ్లమీది వెన్నెలలా ఉంటుంది. హామండ్‌కు ఈ స్పీకర్ అంటే గిట్టేది కాదు. వాయించేవాళ్లు మాత్రం ఆ రెండు పెట్టెలనూ ఆలుమగల్లాగే చూశారు.

ఈ కథంతా చదువుతుంటే నాకు మన హార్మోనియం గుర్తొస్తుంది. యూరప్ నుంచి వచ్చి, పద్యనాటకంలో చేరి, భజన మందిరంలో, పల్లె చర్చిలో, సురభి వారి డేరాలో స్థిరపడింది. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దానికి తలుపు తెరవలేదు. ఆ పెట్టెకు గమకం రాదన్నారు. బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రి పద్యం వెనక హార్మోనియం విన్నవాళ్లెవరూ ఆ మాట అనలేరు. హామండ్‌దీ ఇదే బతుకు. కచేరీ హాళ్లు చిన్నచూపు చూశాయి, పేటలు నెత్తిన పెట్టుకున్నాయి.

ఫిలడెల్ఫియా పేటలు అంటే ఏమిటో తెలియాలి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల నుంచి వర్జీనియా, కరొలైనా, జార్జియా పల్లెల్లోని నల్లవాళ్లు పొలాలు వదిలి రైళ్లెక్కి ఈ ఊరికి వచ్చారు. రేవుల్లో, ఫ్యాక్టరీల్లో, తెల్లవాళ్ల ఇళ్లలో పనిచేశారు. వస్తూ వస్తూ చర్చిని వెంట తెచ్చుకున్నారు. ప్రతి వీధిలోనూ ఒక చర్చి. అందులో చప్పట్లు, ప్రసంగం, ప్రసంగానికి జవాబిచ్చే జనం, జనానికి జవాబిచ్చే ఆర్గాన్. అదే వీధి మొగలో ఒక బార్. శనివారం రాత్రి బార్లో వాయించిన చేతులే తెల్లారి చర్చిలో వాయించేవి. సోల్ జాజ్ అనే పేరు తర్వాత పెట్టారు. వాయించేవాళ్లకు అది శనివారానికీ ఆదివారానికీ మధ్య దారి.

బార్ యజమానికి ఈ పెట్టె ఇంకో విధంగానూ కలిసొచ్చింది. ఎడమ చెయ్యి, పాదం కలిసి బేస్ నడిపిస్తే బేస్ వాద్యకారుడికి కూలి ఇవ్వక్కర్లేదు. ఆర్గాన్, డ్రమ్స్, దానికి గిటారో సాక్సఫోనో ఒకటి. ముగ్గురే, కానీ పదిమంది బ్యాండు విన్నంత నిండుగా ఉంటుంది. 1944లో అమెరికా ప్రభుత్వం పాటా ఆటా ఉన్న క్లబ్బుల మీద భారీ కాబరే పన్ను వేసింది. వాద్యం మాత్రమే ఉంటే పన్ను లేదు. పెద్ద బ్యాండ్లు కుదేలవుతున్న ఆ కాలంలో చిన్న బార్లకు ఈ ముగ్గురి మేళం అచ్చొచ్చింది. చాలా బార్లలో ఆర్గాన్ ఇంటి సామానులా అక్కడే పడి ఉండేది, వచ్చినవాళ్లు వాయించి పోవడమే. లేని చోటికి మోసుకుపోవాల్సిందే. పెడళ్లు, బల్ల కలుపుకుంటే బీ-3 బరువు 190 కిలోల పైమాట. నలుగురు పట్టాలి. శవాలను మోసే పాత బండి కొనుక్కుని అందులో ఆర్గాన్ తిప్పినవాళ్లున్నారు. అంత పొడవూ అంత బలమూ ఉన్న బండి ఇంకొకటి దొరకదు మరి.

జిమ్మీ స్మిత్ వెళ్లిన దారిని క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. ఆయన గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. పియానో వాయించే అమ్మానాన్నల బిడ్డ. నేవీలో పనిచేసి వచ్చి ఫిలడెల్ఫియాలో సంగీతం చదివాడు. అట్లాంటిక్ సిటీలో వైల్డ్ బిల్ డేవిస్ ఆర్గాన్ విని మనసు పారేసుకున్నాడు. అప్పు చేసి ఒక హామండ్ కొని, గోదాములో పెట్టించి, పెడళ్ల బొమ్మ గీసి గోడకు అంటించుకుని, నెలల తరబడి ఒంటరిగా సాధన చేశాడు. 1955లో బయటికొచ్చాడు. కొన్ని వారాలు ఆయన మేళంలో సాక్సఫోన్ వాయించింది జాన్ కోల్ట్రేన్. 1956లో న్యూయార్క్ హార్లెమ్‌లోని స్మాల్స్ పారడైజ్‌లో విన్న బ్లూనోట్ రికార్డుల యజమాని ఆల్ఫ్రెడ్ లయన్ వెంటనే రికార్డు చేయించాడు. ‘ద సెర్మన్’, ‘బ్యాక్ ఎట్ ద చికెన్ షాక్’ ఇప్పటికీ విడుదలైన రోజున విన్నట్టే ఉంటాయి. మైకెల్ జాక్సన్ ‘బ్యాడ్’ పాట మధ్యలో వచ్చే ఆర్గాన్ ముక్క ఈయనదే. మన కుర్రాళ్లు పేరు తెలియకుండానే ఆయన్ను విన్నారు.

ఆయన వెనకే ఊరు ఊరంతా ఆర్గాన్ ముందు కూర్చుంది. జిమ్మీ మెక్‌గ్రిఫ్ ఫిలడెల్ఫియా పోలీసు శాఖలో కానిస్టేబులు. తోబుట్టువు పెళ్లిలో గ్రూవ్ హోమ్స్ వాయించగా విని, ఆయన దగ్గరే పాఠం మొదలుపెట్టి, ఉద్యోగం మానేశాడు. మెక్‌గ్రిఫ్ మేళంలో సాక్సఫోన్ వాయించిన కుర్రాడు చార్లెస్ ఎర్లాండ్ తర్వాత తానే ఆర్గాన్ నేర్చుకుని 1969లో ‘బ్లాక్ టాక్!’ తీశాడు. ఒక వీధి కుర్రాడు ఒక విద్యలో గెలిస్తే ఆ వీధంతా అదే విద్య పట్టుకోవడం మనకు కొత్త కాదు.

ఇక షెర్లీ స్కాట్.

1934 మార్చి 14న ఈ ఊళ్లోనే పుట్టింది. వాళ్ల నాన్న ఇంటి కింది సెల్లార్లో జాజ్ క్లబ్ నడిపేవాడు. అన్న సాక్సఫోన్ వాయించేవాడు. పైన ఇల్లు, కింద సంగీతం. పియానోతో మొదలుపెట్టి హైస్కూల్లో ట్రంపెట్ పట్టింది. నగర పాఠశాలలన్నిటి నుంచీ ఎంచిన బ్యాండులో వాయించేంత నేర్చింది. ఆర్గాన్ దగ్గరికి తానుగా పోలేదు. 1955 ప్రాంతంలో ఒక క్లబ్ యజమానికి ఆర్గాన్ వాయించే మనిషి కావలసి వచ్చింది, పియానో వాయించే అమ్మాయి కదా అని ఈవిణ్ని కూర్చోబెట్టాడు. అంతే, ఇక లేవలేదు.

డ్రమ్మర్ బిల్ కార్నీ నడిపిన ‘హై-టోన్స్’ మేళంలో చేరింది. అందులో సాక్సఫోన్ వాయించినది మళ్లీ కోల్ట్రేనే. అదింకా మైల్స్ డేవిస్ దగ్గరికి వెళ్లని రోజుల మాట. స్ట్రాబెరీ మాన్షన్ పేటలో 33వ వీధిలో కోల్ట్రేన్ అమ్మతో ఉన్న ఇల్లు ఇప్పుడు జాతీయ చారిత్రక కట్టడం. జాజ్‌ను మలుపు తిప్పిన మనిషి ఆ ఇంటి నుంచి బయల్దేరి పేట బార్లలో ఇరవై ఏళ్లు దాటిన ఒక అమ్మాయి ఆర్గాన్ పక్కన నిలబడి వాయించాడన్నది తలచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఊరు చిన్నది కాదు, కానీ సంగీతం ఉన్న ఊరు అంత చిన్నది.

కౌంట్ బేసీ బ్యాండులో పేరు తెచ్చుకున్న సాక్సఫోన్ వాద్యకారుడు ఎడ్డీ ‘లాక్‌జా’ డేవిస్ ఫిలడెల్ఫియా వచ్చినప్పుడు ఈవిణ్ని విని తన వెంట తీసుకెళ్లాడు. 1958లో ప్రెస్టీజ్ కంపెనీకి వీళ్లు ‘కుక్‌బుక్’ రికార్డులు చేశారు. మొదటి సంపుటంలో ‘ఇన్ ద కిచెన్’ అనే బ్లూస్ ఉంది. పన్నెండు నిమిషాల పైచిలుకు. ఇల్లు సద్దుమణిగాక ఒకసారి వినండి. తొందర అన్నదే లేదు. పొయ్యి మీద సన్న సెగన పప్పు ఉడుకుతున్నట్టు ఉంటుంది. షెర్లీ వేళ్లు రెండు స్వరాలు వేసి ఊరుకుంటాయి, ఆ ఊరుకోవడంలోనే పాట నడుస్తుంది. మళ్లీ ఇంకొక మాట. చర్చిలో పాస్టరు ఒక వాక్యం చెప్పి జనం ‘ఆమెన్’ కోసం ఆగినట్టు ఆగుతుంది. చివరికొచ్చేసరికి స్వరాలన్నీ కలిపి మోగిస్తే గది గోడలు వెనక్కి జరిగినట్టవుతుంది. అప్పటికి ఆవిడకు 24 ఏళ్లు. అదే ఏడాది ‘గ్రేట్ స్కాట్!’ పేరుతో సొంత రికార్డు కూడా వచ్చింది.

జిమ్మీ స్మిత్ వాయిస్తే వాన కురిసినట్టు ఉంటుంది. షెర్లీ స్కాట్ వాయిస్తే మనిషి మాట్లాడినట్టు ఉంటుంది. నాకు ఆవిడే ఎక్కువ ఇష్టమని దాచుకోను. ఆవిడ పద్ధతిలో ఒక విశేషముంది. పెడళ్లున్నా, కాలితో బేస్ నడపగలిగినా, చాలా రికార్డుల్లో పక్కన బేస్ వాద్యకారుణ్ని పెట్టుకుంది. కుక్‌బుక్ రికార్డుల్లో జార్జ్ డువివియే, తర్వాత బాబ్ క్రాన్‌షా. పక్కవాడికి బేస్ అప్పగిస్తే తన ఎడమ చెయ్యి ఖాళీ అవుతుంది. ఆ చేత్తో గొంతు కలుపుతుంది, గమనం మారుస్తుంది, లేదా ఏమీ చేయకుండా వదిలేస్తుంది. బార్ యజమాని ఆదా చేసుకోవాలనుకున్న కూలిని ఆవిడ మళ్లీ మేళంలోకి తెచ్చి, దాన్ని సంగీతంగా మార్చింది.

1961 ప్రాంతంలో సాక్సఫోన్ వాద్యకారుడు స్టాన్లీ టరెంటీన్‌ను పెళ్లాడింది. ఈవిడ ఒప్పందం ప్రెస్టీజ్‌తో, ఆయన ఒప్పందం బ్లూనోట్‌తో. ఒకరి రికార్డులో ఇంకొకరి పేరు వేయడానికి వీల్లేదు. ఆ ఏడాది భర్త తీసిన ‘డియర్లీ బిలవ్డ్’ అట్ట మీద ఆర్గాన్ వాయించిన మనిషి పేరు ‘లిటిల్ మిస్ కాట్’ అని వేశారు. స్కాట్‌లో మొదటి అక్షరం తీసేశారు. అదే ఏడాది ఆవిడ తీసిన ‘హిప్ సోల్’ మీద సాక్సఫోన్ ‘స్టాన్ టర్నర్’. భార్యాభర్తలు మారుపేర్లతో ఒకరి ఇంట్లోకి ఒకరు వచ్చిపోయినట్టుంది. మెట్టు మీద వేలు పడగానే ఎవరో తెలిసిపోతుంది. పేరు మార్చినా చెయ్యి మారదు.

ఆ దశాబ్దంలో ప్రెస్టీజ్‌కు, ఇంపల్స్‌కు కలిపి ఆవిడ చేసిన రికార్డులు ఇరవైకి పైనే. మగవాళ్ల పేర్లతో నిండిన ఆ లోకంలో ఆర్గాన్ ముందు మాత్రం ఆడవాళ్లు ఇంతమంది ఎలా వచ్చారని అప్పుడప్పుడు అడుగుతుంటారు. షెర్లీ, ట్రూడీ, పారిస్ చేరి పేరు తెచ్చుకున్న న్యూజెర్సీ అమ్మాయి రోడా స్కాట్. నా ఉద్దేశంలో దానికి జవాబు చర్చి బల్లే. ట్రంపెట్ పట్టుకున్న అమ్మాయిని జనం వింతగా చూసేవారు. ఆర్గాన్ ముందు కూర్చున్న అమ్మాయిని ఆదివారం ఆదివారం చూస్తూనే పెరిగారు.

ఊరి మాటకొస్తే, ఉత్తర ఫిలడెల్ఫియాలో కొలంబియా అవెన్యూ ఆర్గాన్ బార్లకు కాణాచి. రాత్రయితే ఒక తలుపు నుంచి ఇంకో తలుపుకు జనం నడిచేవారు. దక్షిణాన బ్రాడ్, సౌత్ వీధుల కూడలిలో పెప్స్, లాంబర్డ్ వీధిలో షోబోట్. 1964 ఆగస్టు 28 రాత్రి కొలంబియా అవెన్యూలో ఆగిపోయిన ఒక కారు దగ్గర పోలీసులకూ ఒక నల్లజాతి మహిళకూ గొడవ జరిగింది. ఏళ్ల తరబడి కడుపులో పెట్టుకున్న కోపం మూడు రోజులు మండింది. రెండు వందలకు పైగా దుకాణాలు ధ్వంసమయ్యాయి. వాటిలో చాలా మళ్లీ తెరుచుకోలేదు. దుకాణం పోతే జీతం పోతుంది, జీతం పోతే శనివారం రాత్రి పోతుంది. ఆ వీధికి 1987లో పౌరహక్కుల న్యాయవాది సెసిల్ బి. మూర్ పేరు పెట్టారు. ఇప్పుడు అక్కడ ఎక్కువగా కనిపించేది టెంపుల్ విశ్వవిద్యాలయం.

ఆ ఘటన జరిగిన నాలుగు నెలలకు, డిసెంబరులో, షెర్లీ స్కాట్ న్యూజెర్సీలోని న్యూవార్క్‌లో ‘ఫ్రంట్ రూమ్’ అనే క్లబ్బులో జనం మధ్య వాయించింది. టరెంటీన్, క్రాన్‌షా, డ్రమ్స్ మీద ఓటిస్ ఫించ్. అది ‘క్వీన్ ఆఫ్ ద ఆర్గాన్’ రికార్డయింది. జనం అరుపులు, గ్లాసుల చప్పుడు, ‘అదీ’ అన్నట్టు వెనకనుంచి ఎవరో వేసే కేక, అన్నీ అందులో ఉన్నాయి. పేట బార్ అంటే ఏమిటో తెలియాలంటే దీన్ని మించిన దస్తావేజు లేదు. మూడేళ్లలో న్యూవార్క్ కూడా మండింది.

1970లలో గాలి మారింది. సింథసైజర్లు వచ్చాయి. ఒకచేత్తో ఎత్తుకుపోయే కీబోర్డు ఉండగా 190 కిలోల పెట్టె ఎవరు మోస్తారు? 1974లో హామండ్ కంపెనీ బీ-3 తయారీ ఆపింది. అంతకు ముందే, 1971లో, షెర్లీకి టరెంటీన్‌తో విడాకులయ్యాయి. పిల్లలతో షెర్లీ సొంత ఊళ్లోనే ఉంది. 1974లో స్ట్రాటా-ఈస్ట్ కంపెనీకి ఒక రికార్డు చేసింది. సంగీతకారులే పెట్టుకున్న కంపెనీ అది. సాక్సఫోన్ హెరాల్డ్ విక్, డ్రమ్స్ బిల్లీ హిగిన్స్. బేస్ లేదు. అన్నేళ్లు పక్కవాడికి అప్పగించిన బేస్‌ను ఈసారి తనే తీసుకుంది. పేరు ‘వన్ ఫర్ మీ’. నాకోసం ఒకటి. ఆవిడ రికార్డులన్నీ పోయి ఒక్కటే మిగలాల్సి వస్తే నేను దీన్ని దాచుకుంటాను. మార్కెట్ కోసం వేసే మెరుపు ఒక్కటీ లేదు. పాదం నేల మీద ఎంత నెమ్మదిగా నడుస్తుందో వినండి.

ఆ తర్వాత ఆవిడ చేసిన పని నాకు ఇంకా గొప్పగా అనిపిస్తుంది. నడివయసులో కాలేజీలో చేరింది. ఫిలడెల్ఫియాకు దగ్గర్లోని చేనీ విశ్వవిద్యాలయం అమెరికాలో నల్లవాళ్ల కోసం పుట్టిన అత్యంత పాత విద్యాసంస్థ. అక్కడ చదివి, పట్టా తీసుకుని, అక్కడే జాజ్ చరిత్ర పాఠాలు చెప్పింది. సాయంత్రాలు నార్తర్న్ లిబర్టీస్ పేటలో పాత బీరు కర్మాగారం పక్కనున్న ఆర్ట్‌లీబ్స్ జాజ్‌హౌస్‌లో వాయించేది. బేస్ మీద ఆర్థర్ హార్పర్, డ్రమ్స్ మీద మికీ రోకర్. కొన్నాళ్లు పియానోకూ మళ్లింది. 1992లో బిల్ కాస్బీ ఫిలడెల్ఫియాలో తీసిన టీవీ క్విజ్ ‘యు బెట్ యువర్ లైఫ్’కు సంగీతం నడిపింది.  ఆర్గాన్ రాణి ఊళ్లోనే ఉందని, డ్యూటీ దిగి పోయి కూర్చుంటే దగ్గర్నుంచి వినొచ్చని తెలిసిన జనం ఎంత అదృష్టవంతులో.

1995లో బరువు తగ్గడానికి డాక్టర్ రాసిచ్చిన ఫెన్-ఫెన్ మాత్రలు ఆవిడ గుండెను, ఊపిరితిత్తులను దెబ్బతీశాయి. అలాంటి బాధితులు అమెరికాలో వేలమంది. 1997లో ఆ మందును మార్కెట్ నుంచి తీసేశారు. ఆవిడ కోర్టుకు వెళ్లింది. 2000లో 80 లక్షల డాలర్ల పరిహారం వచ్చింది. డబ్బు వచ్చింది గానీ ఊపిరి తిరిగి రాలేదు. 2002 మార్చి 10న, 68 నిండడానికి నాలుగు రోజుల ముందు, పుట్టిన ఊళ్లోనే కన్నుమూసింది.

జిమ్మీ స్మిత్ 2005 ఫిబ్రవరిలో పోయాడు. ఈ ఊరి శివార్లలో పుట్టిన జోయీ డిఫ్రాన్సెస్కో, నాన్న వెంట చిన్నప్పుడే క్లబ్బులెక్కి పదిహేడేళ్లకే మైల్స్ డేవిస్‌తో తిరిగినవాడు, హామండ్‌ను మళ్లీ కొత్త తరానికి పరిచయం చేశాడు. స్మిత్ చివరి రికార్డు ‘లెగసీ’ అతనితో కలిసి చేసిందే. అతనూ 2022లో 51 ఏళ్లకే వెళ్లిపోయాడు.

మళ్లీ బ్రాడ్ స్ట్రీట్ దగ్గరికి రండి. క్లెఫ్ క్లబ్‌కు వెళ్లే దారిలోనే, ఇంకా ముందే, గాజు గోపురం కప్పుకున్న కిమ్మెల్ సెంటర్ ఉంది. 2006లో అక్కడి కచేరీ హాల్లో దాదాపు 7,000 గొట్టాల పైపు ఆర్గాన్ పెట్టారు. ఆ ఏడాదే దాని మీద మొట్టమొదటి జాజ్ కచేరీ చేయడానికి ఈ ఊరి మనిషినే పిలిచారు. ట్రూడీ పిట్స్. అప్పటికి యాభై ఏళ్ల కిందట షెర్లీ స్కాట్ హై-టోన్స్ వదిలి వెళ్లినప్పుడు ఖాళీ అయిన బల్ల మీద కూర్చున్నది ఈవిడే, మేళం నడిపిన బిల్ కార్నీని పెళ్లి చేసుకున్నదీ ఈవిడే. గొట్టాలు కొనలేనివాళ్ల కోసం పుట్టిన పెట్టె ముందు, బార్లలో, చర్చిల్లో, పెళ్లిళ్లలో జీవితమంతా గడిపిన ఆ డెబ్భై నాలుగేళ్ల మనిషి ఆ సాయంత్రం గొట్టాలున్న అసలు ఆర్గాన్ ముందు కూర్చుని పెడళ్ల మీద పాదం మోపింది.